రాని బస్సుల పద్దు

షెఫీల్డ్‌లో మా వీధి నిలబడదు, వాలుతుంది.
జారిపోకుండా ఇళ్ళు
ఒకదాని భుజం ఒకటి పట్టుకుంటాయి.
ఆ వాలు నడుమ బస్టాపు.
స్తంభం మీద చిన్న తెర:
నలభై ఆరు, మూడు నిమిషాలు.
రెండు.
ఒకటి.
వచ్చేసింది, అంటుంది తెర.
రోడ్డు మాత్రం ఏమీ అనదు.
కాసేపటికి ఆ అంకె కూడా
అప్పున్నవాడు సందు మలుపు తిరిగినట్టు
చప్పుడు లేకుండా తప్పుకుంటుంది.

మొదట్లో నా వాచీని అనుమానించాను.
తర్వాత నా ఇంగ్లీషుని.

ఆసుపత్రి వంటగదిలో అయిదున్నరకి
నూట నలభై గిన్నెల ఓట్స్ జావ
నా గరిటె కోసం చూస్తుంటుంది.
ఆలస్యమైతే పావుగంట జీతం కోత.
బస్సు రాలేదంటే సూపర్‌వైజరు
"అందరూ అదే చెప్తారు" అన్నాడు.
అందరూ చెప్తున్నది
అబద్ధం ఎలా అవుతుందా అని ఆలోచిస్తూ
ఆ రోజంతా ఉల్లిపాయలు తరిగాను.

ఐలీన్ స్టానిఫోర్త్‌కి డెబ్భై ఆరు.
ఒకప్పుడు చాకుల కార్ఖానాలో అంచులు చూసేది,
బొటనవేలు ఆనించి
"ఇది తెగదు" అని పక్కన పడేసేది.
ఇప్పుడు బస్టాపులో ఎర్ర అట్ట నోటుబుక్కు తెరిచి
అదే వేలితో టైంటేబుల్‌ని తాకి చూస్తోంది.
"పొద్దున్నవి నువ్వు రాయి, మధ్యాహ్నానివి నేను."
రాత్రి చివరి బస్సు అబ్దిఖాదిర్‌ది,
పిజ్జా కొట్టు మూసి వచ్చే కుర్రాడు,
సున్నాకి అడ్డగీత కొడతాడు.
నేను అంకెలు ఇంగ్లీషులో,
మిగతాది తెలుగులో:

5.04. రాలేదు. వాన.
5.19. రాలేదు. పక్కన గర్భిణి, నిలబడే ఉంది.
5.31. వచ్చింది, ఆగలేదు. డ్రైవరు మొహం చూశాను. అతనూ ఏడ్చేలా ఉన్నాడు.

పదకొండు వారాలు.
నోటుబుక్కు తడిసి, ఆరి, తడిసి
అప్పడంలా పెళుసెక్కింది.

టౌన్‌హాల్లో కంపెనీ ఆయన
గోడ మీద పచ్చగీత చూపించాడు.
నూటికి తొంభై మూడు వేళకే నడుస్తున్నాయట.
మా పుస్తకాన్ని "ప్రయాణికుల అంచనాలు" అన్నాడు, మర్యాదగా.
కాకిలెక్కలు అనడానికి ఆయనకి తెలుగు రాలేదు.
వచ్చుంటే బాగుండేది, జవాబు నోటికొచ్చేది.

అయినా లేచాను.
వచ్చిన బస్సుల్ని మీరు లెక్కపెట్టారు.
రానివి మేం లెక్కపెట్టాం.
రద్దు చేసిన బస్సు మీ కాగితంలో
ఎప్పుడూ ఆలస్యం కాదు,
బళ్ళో చేర్చని పిల్లాడు
పరీక్ష తప్పనట్టే.

పేజీ తిప్పితే అంతా తెలుగు.
నా రాత నాకే మసకేసింది.
ఒక్కో మాటా తడుముకుంటూ ఇంగ్లీషులోకి దించాను:
గర్భిణి. నిలబడే ఉంది.
ఆగలేదు. డ్రైవరు మొహం.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.
యూనిఫాంలోనే వచ్చిన మనిషి.
"ఆ 5.31 నాదే.
మూడు బస్సుల జనం నా ఒక్క బస్సులో.
తలుపు తెరిస్తే మళ్ళీ మూయలేను."
అని కూర్చోలేదు. అలాగే నిలబడ్డాడు.
పచ్చగీత మీద అతని నీడ పడింది.

ఏమైందంటారా,
ఆకాశమేం ఊడిపడలేదు.
చివరి బస్సు ఇరవై రెండు నిమిషాలు వెనక్కి జరిగింది,
అబ్దిఖాదిర్ నడక తప్పింది.
రద్దయినదాన్ని రద్దు అనే రాసే గడి ఒకటి
వాళ్ళ లెక్కలో చేరింది.
బస్టాపుకి బెంచీ వేశారు,
వాలు చూసుకోకుండా. కూర్చుంటే జారతాం.
ఐలీన్ అదీ రాసింది.

ఇవాళ 5.04 బస్సు
5.04కే వచ్చింది.
ఎక్కి కూర్చుని, కిటికీ తుడిచి,
చేతుల దుకాణం దాటాక గుర్తొచ్చింది
రాయలేదని.
వచ్చినవీ రాయాలంటుంది ఐలీన్,
లేకపోతే మనమూ వాళ్ళమే.

మలుపులో ఊగుతూ, వంకర అక్షరాలతో
రాశాను:
వచ్చింది.