కారణం గడి

నా రిజిస్టర్లో చివరి గడి చాలా చిన్నది.
"రాకపోవడానికి కారణం" అని పైన అచ్చేసి ఉంటుంది,
కింద నా బొటనవేలంత చోటు.
అందులో పట్టేవి రెండే మాటలు:
ఇష్టం లేదు.

దాలినాయుడి పేరు ఎదురుగా మూడు నెలలు అదే రాశాను.

వాళ్ళిల్లు సొరంగానికి ఇవతల, విద్యాధరపురం కొండమీద,
నీళ్ళ ట్యాంకు కూడా దాటాక.
రెండు వందల పద్దెనిమిది మెట్లు.
లెక్కపెట్టింది నా మోకాళ్ళు.
ఇనప రెయిలింగు నూట నలభయ్యో మెట్టు దాకా ఉంది,
అక్కడితో ఆ ఏటి బిల్లు అయిపోయింది.
ఆ పైవాళ్ళు గోడలు పట్టుకుని దిగుతారు.
పొద్దున్నే చేతులు వణికే మనిషికి
గోడ కూడా వణుకుతుందట.

"ముందు కిందికెల్లి ఓ క్వార్టరు ఎయ్యకపోతే
ఆస్పత్రికెల్లడానికి కాల్లు రావమ్మా" అన్నాడు.
నాకు నవ్వు రాలేదు.
మెట్లు ఎక్కడ అయిపోతాయో షాపు అక్కడే మొదలవుతుంది.
మధ్యలో ఒక మురిక్కాలవ, దానిమీద రాతి పలక, అంతే.
పదింటికి షట్టరు లేస్తుంది. అంతకుముందు కావాలంటే పక్కసందు.

పెద్దాసుపత్రికి సొరంగం దాటి ఒక షేరాటో, స్టేషన్ దగ్గర ఇంకోటి.
చీటీ పన్నెండింటి దాకే రాస్తారు.
మార్కెట్లో ఉల్లిపాయల లారీ ఖాళీ అయ్యేసరికి పదకొండున్నర.
చేర్చుకోవాలంటే తోడు మనిషి ఉండాలి.
గున్నమ్మ తోడు పోతే కుళాయి ఎవరు పడతారు?
అది ఆరింటికొచ్చి ఆరూ నలభైకి పోతుంది, రెండు పూటలా.
బిందెలు వాటంతట అవి మెట్లెక్కవు.

ఇంకో సంగతి. ఆ కొండమీద గుమ్మాలన్నీ మెట్లవైపే తెరుచుకుంటాయి.
ఆసుపత్రి సంచీతో దిగితే
మెట్టు మెట్టుకీ ఒకరు "ఏమైంది నాయుడూ" అంటారు.
సీసాతో ఎక్కితే ఎవరూ అడగరు.

"ఒక్క ముక్కలో రాయి దీవెనా" అంటుంది సూపర్‌వైజరు మేడం.

ఎన్నికలకి రెండ్రోజులు షాపు మూశారు.
మంచిదే అనుకున్నాం.
రెండో రాత్రి, గోడమీద లేని చీమల్ని చీపురుతో కొట్టాడు.
తెల్లారగట్ల నోట నురగ, ఫిట్సు.
నూట ఎనిమిది బండి కాలవ దగ్గరే ఆగిపోయింది,
దాని కూత మాత్రం పైదాకా వచ్చింది.
ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, గున్నమ్మ చీరతో కట్టి
నలుగురు కుర్రాళ్ళు దించారు.
పాతికేళ్ళు బస్తాలు మోసినవాణ్ణి
మొదటిసారి ఎవరో మోశారు.

పద్నాలుగు రోజులు వార్డులో.
ఆ పద్నాలుగు రోజులూ వాళ్ళమ్మాయి బడికి పోలేదు,
బిందెలు ఎక్కించింది.
వచ్చాక అతను నాకు చెప్పింది మాత్రల గురించి కాదు.
మంచం పక్కనే కుళాయి ఉందట,
ఎప్పుడు తిప్పినా వచ్చేదట.

కొండ ఉన్నచోటే ఉంది.
షాపుకి కొత్త ట్యూబులైట్లు.

ఇప్పుడు సాయంత్రం గున్నమ్మ రాతి పలక మీద నిలబడుతుంది,
ఇరవై లీటర్ల డబ్బాలు రెండు నింపుకుని.
అతను రాగానే ఏమీ అనదు.
ఒకటి భుజానికెత్తి, రెండోది చేతికిస్తుంది.
చేతులు ఖాళీ లేనివాడు కౌంటరు దగ్గర ఆగలేడు.
ఇది ఏ డాక్టరూ రాసివ్వలేదు.
మొన్న శుక్రవారం లారీ ఆలస్యమై, ఆమె ముందే పైకెళ్ళిపోయింది.
ఆ రాత్రి సంగతి నేను అడగలేదు.

ఇవాళ నెలాఖరు.
"ఇష్టం లేదు" మీద గీత కొట్టి
గడిలో 218 అని రాశాను.
మేడం ఫోన్ చేస్తుంది, అదేం కారణం అని.
రమ్మంటాను.
గట్టి చెప్పులు వేసుకుని రమ్మంటాను.