తెల్ల పళ్లెం

ఓబన్ రేవులో అందరికీ తెలుసు,
కెప్టెన్ టార్క్విల్ మెక్‌ఫెయిల్ పడవకి
బయల్దేరే వేళ ఉంటుంది గానీ
తిరిగొచ్చే వేళ ఉండదని.

ముప్పై అడుగుల కొయ్య పడవ, మాసికల తెరచాప.
చుక్కాని పక్కన రెండు డబ్బాలు:
ఒకదాంట్లో బిస్కట్లు, ఒకదాంట్లో ఉష్ణమాపకాలు.
ఏది ఏదో చూడకుండానే చెయ్యి పెడతాడు. తప్పడు.

నౌకాదళంలో పంతొమ్మిదేళ్లు.
నీళ్ల కింద ఎవరు దగ్గినా వినడం ఉద్యోగం.
యుద్ధకాలంలో ఓ రాత్రి, ఐస్‌లాండ్‌కి దిగువన,
విన్నదాన్ని శత్రువన్నాడు.
పైవాళ్లు మందుగుండు దించారు.
తెల్లారి తేలింది నూనె కాదు, ఇనుము కాదు,
పాలిచ్చే తిమింగలం.
దాని పిల్ల నౌకనే తల్లి అనుకుని
మధ్యాహ్నం దాకా వెంట వచ్చిందట.
లాగ్ పుస్తకంలో మాత్రం "జలాంతర్గామి. ధ్వంసం."
దిద్దుతానంటే ఒప్పుకోలేదు.

ఇదంతా నాకు ఒక్కసారే చెప్పాడు, తాడు ముడేస్తూ.

తర్వాత సముద్రాన్ని కొలిచేవాళ్లలో చేరాడు.
ఏటా వేసవిలో, కోల్ దీవికి పడమర,
తెల్ల పళ్లేనికి తాడు కట్టి దించడం,
కంటికి ఆనకుండా పోయిన చోట
ముడులు లెక్కపెట్టి మీటర్లు రాయడం.
ఎంత లోతున కనబడితే నీళ్లంత తేట.

పదకొండు. పదకొండున్నర. పదకొండు.
తొమ్మిది. ఎనిమిది. ఏడు.
"చూశావా మోరాగ్, ఏం చేశామో దీన్ని!"
చావింట్లో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

ఈ జూన్‌లో తాడు నా చేతిలో ఉంది.
ఆరు దగ్గర "పోయింది" అన్నాడు.
నాకింకా కనబడుతోంది,
పచ్చటి చీకట్లో పాలచుక్కంత.
అక్కడితో ఆపేస్తే సరిపోయేది.
ఆపలేదు. ఏడు. ఎనిమిది.
చెక్క అంచు మీద ముడి తగిలినప్పుడల్లా టక్కుమంటుంది.
ఆ చెవులింకా ఆ చెవులే.
పదకొండు దగ్గర నేను "పోయింది" అన్నాను.

చాలాసేపు తెరచాప సర్దాడు,
సర్దడానికేం లేకపోయినా.

పుస్తకం తెమ్మన్నాడు.
మూడు వేసవులు వెనక్కి తిప్పించి
ఒక్కో అంకె మీద ఒక్కో గీత కొట్టించాడు,
చెరపకుండా, కిందది కనబడేలా.
ఆ ఏళ్ల నీళ్లెంత తేటో ఇక ఎవరికీ తెలీదు.
పక్కన నాచేత రాయించాడు:
"మసక నీళ్లది కాదు. చూసినవాడిది."
సంతకం తనే పెట్టాడు.
అది గీత దాటి పక్క పేజీలోకి పోయింది.

ఇక టీ తాగుదామని
డబ్బా తడిమి, తెరిచి, నాకేసి చాచాడు.
ఉష్ణమాపకాలు.
ఒకటి తీసుకున్నాను.
నీళ్ల వేడి ఎలాగూ చూడాలి గదా.