ఎడమ పెంకు

తార్తులో ఫిబ్రవరి. మధ్యాహ్నం మూడున్నరకే దీపం.
మ్యూజియం మూడో అంతస్తు, సొరుగు నూట పద్నాలుగు.
గాజుమూత తీస్తే కలరా ఉండల వాసన.
నల్లగా, కొన్నింటికి ఊదా అంచుతో
నేల పెంకుపురుగులు.
రాత్రంతా రాలిన ఆకుల కింద
నత్తల కోసం పరుగులు తీసినవి
ఇప్పుడిలా బుద్ధిగా, వరసలో.

నా పని చదవడం.
పట్టుకారుతో సూదిని పైకెత్తి
పురుగు కింద గుచ్చిన చీటీలు
(గోరంత కాగితం, చీమ తలకాయంత అక్షరం)
భూతద్దంలో చూసి కంప్యూటర్లో ఎక్కించడం.
ఊరు, తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరు పట్టారు.

పాత చీటీ తియ్యకూడదు, తప్పయినా సరే.
దిద్దుబాటు దాని అడుగున, ఇంకో చీటీగా.
అందుకే ఒక్క సూదికి మూడు ఊళ్లు:
దోర్పాత్, యూర్యెవ్, తార్తు.
పురుగు ఎక్కడికీ పోలేదు.
పేర్లు మార్చుకుంది ఊరే.

సూది కుడి పెంకులోంచే దిగాలి.
మొదట ఎవరో అలా గుచ్చారు, ఆ తరవాత అందరూ.
ఈ సొరుగులో ఆరువందల పన్నెండూ అంతే,
ఒకటి తప్ప.

ఎడమ పెంకు, అదీ చీలిపోయి.
గీతల నోటుబుక్కులోంచి చింపిన ముక్క,
పెన్సిలు, ఒకదానిమీదొకటి పడే అక్షరాలు:
"కట్టెల కొట్టు వెనక. వాన. 31 ఆగస్టు 1955.
పరుగెత్తింది."
పేరు లేదు.

పరుగెత్తిందని రాసుకోడానికి
మా పట్టికలో గడి లేదు.

హిల్యేని పిలిచాను.
రిటైరై పన్నెండేళ్లు. అయినా మంగళవారం మంగళవారం వస్తుంది,
ఉన్ని చెప్పులు ఇంకా ఆ బీరువా కిందే.
భూతద్దం చాలాసేపు కంటికి ఆనించుకుంది.
"పట్టినవారు తెలియదు. అలా రాయి."
అద్దం నా చేతికిచ్చి, తలుపుదాకా వెళ్లి
"మర్నాడే బడి," అంది.
"కుడిచేత్తో రాయడం అక్కడ నేర్పించారు."

మరి పేరు రాయనా అన్నాను.
"చీటీలో ఉందా?"
లేదు.
"ఉన్నదే రాయాలి."

నలభై ఏళ్లు ఈ సొరుగు తాళం ఆమె దగ్గరే.
సూది పీకి, కుడివైపు గుచ్చి,
నల్లసిరాతో శుభ్రంగా ఇంకో చీటీ...
ఎవరు చూడొచ్చారు?

చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను.
ఇతర వివరాల్లో మాత్రం
పరుగెత్తింది అని.

తరవాతిది. 1958. మీసం ఒకటి లేదు.