బొరుగులు నానేలోపు

కోగిలు క్రాసు కాడ అంగట్లో బొరుగులడిగితే
తల అడ్డంగా ఊపినాడు.
గోతాం అంచున తెల్లగా కనబడుతుంటే
వేలు పెట్టి చూపించినాను.
"ఓ, పురి!" అన్నాడు.
పూరీ కాదయ్యా అన్నాను నేను.
"పురినే అమ్మా" అన్నాడు వాడు.
నలభై ఆరేండ్ల వయసులో
నాకు బాగా వచ్చిన ఒక్క వంటకి
సరుకు పేరు కాడ నుంచి నేర్చుకోవాల్సొచ్చింది.

తెచ్చుకున్నవి తక్కువే.
ఒక చెవి ఊడిన ఇనుప బాండ్లి,
పదో తరగతి కూతురు,
దాని సైన్సు పుస్తకంలో దాచిన పదకొండు వేలు.
ఆయన సంగతి రాయను.
రాస్తే ఈ కాగితాన్ని కూడా
తాకట్టు పెట్టేసి వస్తాడు.

రాయాల్సింది అక్క గురించి.

అమ్మ గాజులు ఆరు.
ఆసుపత్రికి కట్టమని నా చేతిలో పెట్టింది తిప్పక్క.
బిల్లు కట్టలేదు, గాజులు మళ్లీ కనబడలేదు.
తీసిందెవరో తెలిసీ నోరు మెదపలేదు.
మొగుడి పరువని ఒక మూట
అప్పట్లో నెత్తిన మోస్తా ఉంటిని.
దినాల నాడు విస్తరి ముందు నుంచి లేచిపోయింది,
పప్పులో చెయ్యి పెట్టి, కలపకుండానే.
తొమ్మిదేండ్లు.

ఇప్పుడు యలహంక స్టేషన్ బయట నా బండి.
నాలుగున్నరకి లేస్తాను.
ఎర్రగడ్డలకి నాకెప్పుడూ కండ్లనీళ్లు రావు,
పుట్నాల పొడి కొట్టేటప్పుడే వస్తాయి.
అది అమ్మ కొంగు వాసన.
మొదటి రోజు పద్నాలుగు ప్లేట్లు చేస్తే పది పోయినాయి,
నాలుగు మేమిద్దరం రాత్రి దాకా తిన్నాం.
ఇందుమతి మొహం మాడ్చుకునే
అట్టముక్క మీద ఉగ్గాని అని రాసింది,
తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో.
మూడింటిలోనూ బజ్జీ బొమ్మ ఒకటే.

"అక్కా, ఖార స్వల్ప కమ్మి హాకి" అంటాడు ఆటో అతను.
"అక్కా, నిమ్మకాయ పిండు" అంటారు మేస్త్రీలు.
ఈ ఊళ్లో అందరికీ నేను అక్కనే.
పిలిచిన ప్రతిసారీ
వెనక్కి తిరిగి చూస్తాను,
ఆమె గాని వచ్చిందేమోనని.

వచ్చింది.
హిందూపురం ప్యాసింజర్ దిగి,
పెయింటు డబ్బా పిల్లోడి వెనక వరసలో నిలబడి,
ముక్కూమొహం తెలియనిదాని మాదిరి
"ఒక ప్లేటు" అంది.
(లొకేషన్ పంపింది ఇందుమతి అని తర్వాత తెలిసింది.)

బొరుగులు నీళ్లలో రెండు మునకలెయ్యాలి, పిండాలి, అంతే.
ఎక్కువైతే ముద్ద, తక్కువైతే గొంతులో గుచ్చుకుంటాయి.
ముంచిన చెయ్యి ముంచినట్టే ఉండిపోయింది.
ముద్దే పెట్టినాను.
నిలబడే తినింది. ప్లేటు తుడిచినట్టు తినింది.

"ఉప్పు తక్కువైంది."

తొమ్మిదేండ్ల తర్వాత మొదటి మాట.
బండి చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి,
కొంగు నడుముకి దోపి,
మూడు వేళ్లతో ఉప్పు తీసింది, అచ్చం అమ్మ.
"జరుగు" అంది రెండో మాట.
మిగతా నలభై ప్లేట్లూ తనే కలిపింది.

ఆ రాత్రి, అంట్ల కాడ,
నేను రాయనన్న ఆ మనిషి పేరు చెప్పినాను.
"తెలుసు" అంది.
ఎప్పటి నుంచి?
"విస్తరి కాడ నుంచే. నువ్వు చెప్తావేమోనని చూసినా."
ఇన్నేండ్లా అక్కా, అన్నాను.
పీచు గట్టిగా రుద్దింది, బాండ్లి అడుగున
ఏనాటిదో మాడు.

మూడో రోజు పోయింది. ఇల్లుంది, ఎనుములున్నాయి.
గాజులు గాజులే, అవి రావు.
పోయేముందు తన పాత చీర చింపి
బాండ్లికి ఊడిన చెవి కాడ
పేలిక చుట్టి, ముడేసి, లాగి చూసింది,
నా చెయ్యి కాలకుండా.