పక్కన పెట్టిన యంత్రం

హాసెల్ట్ ఫ్యాక్టరీలో నా పని రబ్బరు బెల్టు తొడగడం.
మోటారు నుంచి చక్రానికి,
గాజు తొడిగినంత మెల్లగా,
రోజుకి మూడు వందల సార్లు.
అరవై మూడో సంవత్సరం, ఆగస్టు.
బెర్లిన్ ప్రదర్శనకి పంపాలి, కానివ్వండని
ఫోర్‌మన్ క్నాపెన్ మా వెనకే తిరిగేవాడు.

అంతకు ముందు టేపు రికార్డరంటే
మెట్లెక్కించడానికి మనిషి సాయం కావాలి.
ఇది నా రొట్టెల డబ్బా కన్నా కాస్త పొడుగు, అంతే.
అయిదు బ్యాటరీలు, తోలు తొడుగు,
ముందుకీ వెనక్కీ ఒకటే మీట.
మొదటిది తయారైన రోజు ఆడవాళ్లందరం
ఒకరి తర్వాత ఒకరం చేతిలో ఎగరేసి చూశాం
సంతలో చేప బరువు చూసినట్టు.

నెమ్మదిగా తిరిగేవాటికి ఎర్రచీటీ అంటించి
పక్కన పెట్టేవాళ్లు.
అలాంటిదొకటి, ఒక శనివారం సాయంత్రం,
నా కోటు కింద గేటు దాటింది.
దొంగతనమే.
క్నాపెన్ పోయి చాలా ఏళ్లయింది కాబట్టి చెబుతున్నాను.

నాన్న పద్నాలుగో ఏట జోల్డర్ గనిలోకి దిగాడు.
డాక్టరు ఆయన ఎక్స్‌రేని కిటికీకి ఆనించి
మచ్చలు లెక్కపెట్టడం మానేసిన ఏడాది అది.
మైకు ముందు పెట్టి ఏదైనా మాట్లాడమంటే
"ఏముంది లీవా, మాట్లాడ్డానికి" అన్నాడు.
మీట నొక్కే లోపే అనేశాడు.

మర్నాడు పావురాల పందెం.
ఫ్రాన్స్‌లో వదిలిన పిట్ట ఇంకా రాలేదు.
పెరట్లో నిలబడి, ఆకాశం వైపు తలెత్తి,
మొక్కజొన్న గింజల డబ్బా ఆడిస్తూ
"రా... రా తల్లీ... రా" అని పిలుస్తున్నాడు.
పిలుపుకీ పిలుపుకీ మధ్య దగ్గు.
నేను బొగ్గు కొట్టం వెనక నక్కి
మీట ముందుకు తోశాను.

పావురం చీకటి పడ్డాక వచ్చింది. పందెం పోయింది.
నాన్న ఆ చలికాలం దాటలేదు.

తర్వాత్తర్వాత గని కాలనీలో ఇటలీవాళ్లూ కొన్నారు.
రాయడం రాని అస్సుంతా
వాళ్లమ్మకి టేపులు పంపేది,
సగం ఏడుపు, సగం కూరగాయల ధరలు.
నేనూ ఒకటి కొన్నాను, కొత్తది,
సరైన వేగంతో తిరిగేది.

నెమ్మదిగా పట్టిన గొంతు అందులో పరిగెడుతుందని
బెల్టులు తొడిగినదాన్ని, నాకు తెలియక కాదు.
అయినా కుర్చీ వెతుక్కోవలసి వచ్చింది.

ఎవరో కుర్రాడు,
గొంతింకా బొంగురుపోనివాడు,
డబ్బా గలగలలాడిస్తూ పిట్టని పిలుస్తున్నాడు.
మధ్య మధ్య నవ్వుతున్నాడు.
అవి దగ్గులని గుర్తు రావడానికి
నాకు కాస్త సమయం పట్టింది.

ఎర్రచీటీ యంత్రం ఇప్పుడు అటక మీద ఉంది.
నాన్న నాన్నలా వినిపించేది దానిలోనే.
బెల్టు కరిగి తారైపోయింది,
వేలికంటితే సబ్బుకి లొంగదు.
కొత్త బెల్టు దొరుకుతుంది. తొడగడం చేతులు మరిచిపోలేదు.
కానీ అప్పట్లో తప్పు బెల్టుదో మోటారుదో
ఎవరూ తేల్చలేదు.
తొడిగాక అది సరిగ్గా తిరిగితే?

ఊరుకున్నాను.