ఎడమ ముందు చక్రం

మూడు షెడ్లు తిరిగి మా దగ్గరికొచ్చింది కెంజె.
వెనక సీటు పీకేసిన పాత ఆడీ,
నిండా గుర్రపుపాల క్యాన్లు, పులిసిన వాసన.
"తో-అషూ కనుమ దిగుతుంటే
ఏడో మలుపులో పెడల్ మెత్తబడుతుంది,
పదో మలుపుకి కాలి కింద ఏమీ ఉండదు" అంది.
ఇక్కడ కారా-బాల్తాలో, చదునైన నేల మీద,
అదే పెడల్ రాయిలా ఉంది.
వైద్యుడి గడప తొక్కగానే పంటినొప్పి మాయమైనట్టు.

మూడు షెడ్లూ ఒకటే మాటన్నాయట:
బండికేం లేదు, నీ కాలే బరువు.
మరిది కూడా అదే అన్నాడట,
పెళ్ళి విందులో, పదిమంది నవ్వేలా.

సత్కిన్‌బాయ్ ఏమీ అనలేదు.
మా గురువుకి మాటలు తక్కువ,
గుడ్డతో చేతులు తుడుచుకోవడం ఎక్కువ.
నన్ను సీట్లో కూర్చోబెట్టి
"తొక్కి పట్టుకో, అరవై లెక్కపెట్టు" అన్నాడు.
పెట్టాను. పెడల్ జారలేదు.
మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు ఇంకా మాట తప్పలేదన్నమాట.
ఇంజన్ ఆపి నాలుగుసార్లు తొక్కి, కాలు తియ్యకుండా స్టార్ట్ చేశాను.
పెడల్ చిన్నగా తలూపింది. బూస్టర్ బతికే ఉంది.
నాలుగు చక్రాల వెనకా టార్చి వేశాడు, ఎక్కడా తడి లేదు.
డబ్బా మూత తీశాడు. మట్టం సరిగ్గానే ఉంది,
రంగు మాత్రం మూడుసార్లు మరిగించిన టీ.
"ఎప్పుడు మార్చావు?"
"మార్చాలా?" అంది కెంజె.

నాకు అప్పుడే తెలిసిపోయిందనుకున్నాను.
గాలిలోని తేమని తాగుతుంది బ్రేకాయిల్,
ఏళ్ళ తరబడి, గుట్టుగా.
వేడెక్కితే ఆ నీళ్ళు ఆవిరౌతాయి.
ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది;
కాలు వేసిన కేక చక్రం దాకా చేరదు.
పాతది పారబోసి కొత్తది పోద్దామన్నాను, స్పానర్ అందుకుంటూ.
"మరిగింది, సరే," అన్నాడాయన.
"పొయ్యి ఎక్కడుంది?"

మర్నాడు తెల్లారకముందే ముగ్గురం కనుమెక్కాం.
క్యాన్లలో పాలకి బదులు నీళ్ళు, అంతే బరువు.
సొరంగం నోటి దగ్గర మంచు మురికిగా మిగిలి ఉంది.
దిగేటప్పుడు స్టీరింగు ఆమె చేతిలోనే,
హ్యాండ్‌బ్రేక్ మీద ఆయన చెయ్యి.
రెండో గేరు, అవసరానికే బ్రేకు.
నేను పక్కకి వంగి ఆ కాలినే చూశాను.
బరువేం లేదు,
నిద్రపోయే మేకపిల్లని తట్టినట్టు వేస్తోంది.
అయినా ఆరో మలుపు దాటగానే "ఇదిగో" అంది,
గొంతు మారకుండా.

పక్కకి తీసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి,
సీసాలో నీళ్ళు ఒక్కో చక్రం మీద చిలకరించాడు.
వెనకవి రెండూ: చుక్క చుక్కగానే జారింది.
కుడి ముందుది: కాసేపటికి ఆరింది.
ఎడమ ముందుది
చుయ్‌మంది, పోపు పెట్టినట్టు.

జాకీ ఎత్తితే ఆ చక్రం తిరగనంది.
పెడల్ మీద ఎవరి కాలూ లేదు.
నిపిల్‌కి గుడ్డ చుట్టి అరచుట్టు వదిలాడు,
లోపల ఇరుక్కున్నది ఒక్కసారి చిమ్మి
చక్రం దానంతటదే కదిలింది.

షెడ్డుకి ట్రక్కు వెనక కట్టుకుని లాక్కొచ్చాం.
ఆ హోస్ విప్పి నిలువునా కోశాడు.
పైకి నల్లగా, నున్నగా, కొత్తపెళ్ళికొడుకు.
లోపల గోడ వాచి, పొర లేచి,
సూది దూరేంత సందు.
అప్పు పుచ్చుకున్నవాడి తీరు:
ఇస్తుంటే తీసుకుంటుంది,
తిరిగి ఇమ్మంటే నోరు మూసేస్తుంది.
కుడివైపుదీ మార్చాడు, రెండూ ఒకే ఈడువి కదా అని.

తర్వాత నూనె మార్చే పని.
కెంజె సీట్లో, నేను చక్రాల దగ్గర నేల మీద.
తొక్కు. పట్టుకో. పట్టుకునే ఉండు. ఇప్పుడు వదులు.
గొట్టంలో బుడగలు,
తర్వాత చిన్న బుడగలు,
తర్వాత తేనెరంగు, ఏమీ లేకుండా.

డబ్బులిచ్చాక ఆ కోసిన ముక్క అడిగింది.
రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.
"దేనికమ్మా?" అన్నాను.
"అక్టోబర్లో ఇంకో పెళ్ళుంది" అంది.