సింగిల్ బిట్టు

గేముల దుకాణం మూసేసిన దినం
జహంగీర్ భాయ్ ఆరు వందలకు
నాకు అమ్మిండు నల్ల డబ్బా.
"కన్ను పోయింది బేటీ,
సీడీ పెడితే గుర్తు పట్టది" అన్నడు,
ఇంట్ల ముసలామె గురించి చెప్పినట్టు.

న్యూటౌన్ల ఆ దుకాణానికి ఆకుపచ్చ పరదా ఉండె.
ఐదు రూపాయలకు అరగంట.
లోపట అందరూ మొగపిల్లలే.
చిన్నన్నను అన్నానికి పిలువనీకి పోయి
పరదా సందుల నుంచి చూసేదాన్ని,
ఒక్కొక్కపారి పిలుసుడే మరిచిపోయి.
ఇంటికొచ్చినంక ఇద్దరికీ పడేటివి,
ఆడినందుకు వానికి,
చూసినందుకు నాకు.

ఇప్పుడు గడియారం చౌరస్తా ఎనుక నాదొక జిరాక్సు దుకాణం.
ఆధార్లు, పహాణీలు, హాల్ టికెట్లు.
పగలంతా వేరేటోళ్ళ మొఖాలు నల్లగ దింపి
రాత్రి సగం షటరేసి
డబ్బా ఇప్పిన.
స్పిరిటు దూదితోని కన్ను తుడిచిన.
గిర్రున తిరిగింది, ఆగింది,
ఏదో అడగబోయి మరిచినట్టు ఊకుంది.

రీచార్జికొచ్చే పిలగాడు చెప్పిండు:
ఎనుక సందుల హార్డు డిస్కు గుచ్చితే
కన్నుతోని పనే లేదంట.

స్టూడియో కురుమూర్తి నాకు పదమూడు వందలు బాకీ.
పైసలకు బదులు డిస్కు ఇచ్చిండు.
"పాత పెండ్లిళ్ళు. అన్నీ తుడిచెయ్."
తుడిచిన.
కోయిల్‌కొండ పెండ్లి, భూత్పూర్ పెండ్లి,
రెండు చీరల ఫంక్షన్లు,
ఎవరిదో కొత్తింటి గడప.
ఒక్కదాని కాడ చెయ్యి ఆగింది:
మిడ్జిల్, బాలకిష్టమ్మ, బ్యాలెన్సు నాలుగు వేలు.
పైసలు కట్టలే, సీడీ తీస్కపోలే.
తెరిచి చూసిన.
జనరేటరు ఎల్తురుల పెండ్లిపిల్ల,
తలంబ్రాల బియ్యం పెదవి మీద పడితే
ఎవ్వరూ చూస్తలేరనుకొని
నమిలి మింగింది.
గంతే.
గది తుడువబుద్ధి కాలే.

మిగిలిన జాగల గేములు నింపిన.
నల్ల తెర.
మల్ల పెట్టిన. మల్ల నల్ల తెరనే.
పిలగాడు నవ్విండు,
"గేము ముక్కలు ముక్కలైంది అక్కా,
దానికి సింగిల్ బిట్టు కావాలె."

జడ్చర్ల రోడ్డు మీద వెంచర్ల బ్రోకర్లు
పొద్దుమూకులు అనే మాట గదే.
నూరెకరాల నడుమ ఒకనికి రెండు గుంటల చెల్క ఉంటది,
అమ్మనంటడు.
చుట్టూ కడీలు పాతినా
లోపట జొన్న ఏస్తడు.
నా డిస్కు నడుమ
బాలకిష్టమ్మ అట్ల కూసుంది
బియ్యం నములుకుంట.

అప్పుడు నేను పెండ్లి జరిపిన.
అవును, నేనే, ఒక్కదాన్నే.
బాజా లేదు, బంతి భోజనం లేదు.
ముందు కంప్యూటర్లకు,
ఆడికెళ్ళి డిస్కు కొసకు,
మెల్లగ ఆమెను జరిపిన.
నలభై నిమిషాలు పట్టింది.
నడుమ కరెంటు పోతదేమోనని
కుర్చీ ఉన్నా నిలబడే ఉన్న,
పిల్ల తరఫుదాని లెక్క.

గేము లేసింది.
వైరుకు ఉరుకుడు రాదు,
మొదటి బొమ్మలు నత్తి నత్తిగ మాట్లాడినయ్,
సప్పుడు ఆగి ఆగి
ఓవర్‌లోడు బస్సు ఘాటెక్కినట్టు.
నాకేం తొందర?
పరదా ఎనుక ఇరవై ఏండ్లు ఆగినదాన్ని.

పిలగాండ్లు ఎన్నడూ ఎంచుకోని
జడపిల్లను ఎంచుకున్న.
ఏ మీట ఎప్పుడు నొక్కాలో
నాకు కండ్లల్ల ఎరుకే.
బొటనవేలుకు ఎరుక లేదు.
పదకొండు సెకన్లల కింద పడ్డ.
మల్ల పడ్డ.
మల్ల.

షటరు కింద రెండు చెప్పుల కాళ్ళు ఆగినయ్.
వొంగి చూసిండు జహంగీర్ భాయ్,
చేతుల రేషన్ కార్డు, జిరాక్సుకు.
తెర దిక్కు చూసిండు.
చానసేపు చూసిండు.

"తన్నుడు తర్వాత బేటీ,
ముందుగాల ఎనుకకు జరుగు."

జరిగిన.
జడ ఊగింది.